ట్యూనర్ కార్డు కొన్నారు సరే, చానెళ్లు ఎక్కడ?

పాత డెస్క్‌టాప్ ఒకటి మూలన పడి ఉంటుంది. హాల్లోకి కొత్తగా పెద్ద టీవీ వచ్చి ఉంటుంది. ఆ రెంటినీ ఒక హెచ్‌డీఎంఐ వైరుతో కలిపి, కంప్యూటర్‌కి టీవీ సిగ్నల్ పట్టే ట్యూనర్ ఒకటి తగిలిస్తే సెట్‌టాప్ బాక్స్ పీడ వదులుతుందనీ, నచ్చిన కార్యక్రమం రికార్డు చేసుకుని తీరిగ్గా చూడొచ్చనీ చాలామందికి తోస్తుంది. ఆలోచన మంచిదే. ఆచరణలోకి దిగాకే తలనొప్పి మొదలవుతుంది.

విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా ఈ కథ దాదాపు ఒకేలా సాగుతుంది. ఆన్‌లైన్‌లో ట్యూనర్ తెప్పిస్తారు. సాఫ్ట్‌వేర్ వేస్తారు. స్కాన్ నొక్కుతారు. పచ్చగీత నూరు శాతం దాకా పోతుంది. దొరికిన చానెళ్లు సున్నా. ఇక సాఫ్ట్‌వేర్ మీద అనుమానం. కోడి (Kodi) అనే టీవీ ప్రోగ్రాం తీసి నెక్స్ట్‌పీవీఆర్ వేస్తారు, అదీ తీసి ప్రాగ్‌డీవీబీ వేస్తారు, చివరికి విండోసే తీసి లినక్స్ ఎక్కిస్తారు. సున్నా మాత్రం కదలదు. నిజానికి తప్పు సాఫ్ట్‌వేర్‌ది కావడం అరుదు. ఇంట్లోకి వస్తున్న వైరులో ఏముంది, అందులో మన కంప్యూటర్ తెరవగలిగేది ఎంత అన్నది తేలకుండా సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టడం వల్లే ఈ చిక్కంతా. కాబట్టి మనం డాబా మీద మొదలుపెట్టి హాల్లోకి దిగుదాం.

వైరు గుచ్చితే చాలు అన్న రోజులు

2000ల తొలినాళ్లలో సీఆర్‌టీ మానిటర్ ఉన్నవాళ్లకు టీవీ ట్యూనర్ బాక్స్ ఓ మోజు. అద్దె గదుల్లో చదువుకునే కుర్రాళ్లకు టీవీ కొనే ఖర్చు తప్పేది. కేబుల్ వైరు బాక్స్ వెనక గుచ్చితే ఆపరేటర్ ఇచ్చే చానెళ్లన్నీ వచ్చేసేవి. కంప్యూటర్ లోపల పెట్టే పీసీఐ కార్డులూ అంతే. అప్పటి కేబుల్ అనలాగ్. ఒక్కో చానెల్‌కు ఒక్కో ఫ్రీక్వెన్సీ, దానికి తాళం లేదు. ట్యూనర్ ఆ ఫ్రీక్వెన్సీకి తిరిగితే బొమ్మ వచ్చేది. విండోస్ 7లో మీడియా సెంటర్ అనే ప్రోగ్రాం కూడా ఉండేది. టీవీ చూడటం, రికార్డింగ్, రిమోట్ అన్నీ అందులోనే. 2015లో విండోస్ 10 వచ్చేసరికి దాన్ని తీసేశారు.

అంతకన్నా పెద్ద మార్పు వైరులో వచ్చింది. కేబుల్‌ని దశలవారీగా డిజిటల్ చేశారు. మున్సిపాలిటీలు మూడో దశలో, పల్లెలు నాలుగో దశలో. చివరి గడువు 2017 మార్చి 31తో ముగిసింది. డిజిటల్ అంటే బొమ్మ శుభ్రంగా రావడం ఒక్కటే అనుకున్నాం. తాళం కూడా దాంతోపాటే వచ్చింది. డబ్బు కట్టినవాడి బాక్సులోనే చానెల్ తెరుచుకోవాలంటే సిగ్నల్‌ను గూఢంగా మార్చి పంపాలి, దాన్ని విప్పే తాళంచెవి బాక్సులో ఉండాలి. పాత ట్యూనర్ బాక్సులు అటక ఎక్కింది ఇందుకే.

ఇంట్లోకి వచ్చే నాలుగు దారులు

టీవీ సిగ్నల్ మన ఇంటికి నాలుగు రకాలుగా రావచ్చు. గాలిలో యాంటెన్నాకి, కేబుల్ వైరులో, డబ్బు కట్టే డీటీహెచ్ డిష్‌కి, డబ్బు కట్టనక్కర్లేని డీడీ ఫ్రీ డిష్‌కి. ట్యూనర్ కార్డు కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎందుకంటే ఒక దారికి పనికొచ్చే కార్డు ఇంకో దారికి పనికిరాదు.

గాలి దారి మనకు మూసుకుపోయినట్టే. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. డిజిటల్ పద్ధతి డీవీబీ-టీ2ని 2016లో మొదట 16 నగరాల్లో మొదలుపెట్టింది. వాటిలో ఉత్తరాంధ్ర ఊరేదీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే పెన్‌డ్రైవ్ సైజు యూఎస్‌బీ టీవీ స్టిక్ చాలామందిని ముంచేది ఇక్కడే. డబ్బా మీద డిజిటల్ టీవీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది పట్టేది డీవీబీ-టీని, అంటే విదేశాల్లో గాలిలో వచ్చే టీవీని. దాన్ని డిష్‌కి తగిలించినా, కేబుల్‌కి తగిలించినా ఫలితం సున్నాయే. ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి. లోపల ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న స్టిక్కులైతే కంప్యూటర్‌లో ఎఫ్‌ఎం రేడియోలా, ఇంకా రకరకాల తరంగాలు వినే రిసీవర్‌లా వాడుకోవచ్చు. టీవీ మీద ఆశ మాత్రం వదులుకోండి.

కేబుల్ దారిలో వచ్చేది డీవీబీ-సీ. దానికి తగిన కార్డు తెచ్చి స్కాన్ చేస్తే చానెళ్ల పేర్లు బారుగా కనపడతాయి. ప్రాణం లేచొస్తుంది. ఏదో ఒకటి నొక్కితే నల్లతెర. పేర్ల జాబితాకు తాళం ఉండదు, బొమ్మకు ఉంటుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని లోకల్ కేబుల్ చానెల్‌లో చూసి కంప్యూటర్‌లో దాచుకుందామనుకుంటే ఇదే అడ్డు. లోకల్ చానెల్ కూడా ఆపరేటర్ సెట్‌టాప్ బాక్స్ గుండానే వస్తుంది.

డీటీహెచ్ సంగతీ అంతే. సిద్ధాంతపరంగా కార్డుకి కామన్ ఇంటర్‌ఫేస్ అనే గాడి ఉంటే, అందులో కంపెనీ ఇచ్చే మాడ్యూల్ పెట్టి చూడొచ్చు. యూరప్‌లో అలా చూస్తారు కూడా. మన దగ్గర ఒక కంపెనీ బాక్సు ఇంకో కంపెనీకి పనిచేసేలా ఉండాలన్న చర్చ ఏళ్లుగా ఉంది. 2020 ఏప్రిల్‌లో టెలికాం, టీవీ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు కూడా చేసింది. దాని ఫలం మన ఇంటి కంప్యూటర్ దాకా రాలేదు. ఇంటర్నెట్‌లో ‘సాఫ్ట్‌క్యామ్’ పేరుతో దొంగ తాళంచెవులు దొరుకుతాయని ఎవరైనా చెబితే ఆ జోలికి పోవద్దు. అది చట్టానికి విరుద్ధం, పైగా ఆ ఫైళ్లతో పాటు కంప్యూటర్‌లోకి ఇంకేం దిగుతాయో ఎవరికీ తెలీదు.

మిగిలింది ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ప్రధానంగా తాళం లేని చానెళ్లు. నెలనెలా కట్టేది లేదు. తెలుగులో దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఉన్నాయి. అదే ఉపగ్రహం మీద స్వయం ప్రభ చదువుల చానెళ్లు కూడా ఉన్నాయి. సినిమాల కోసం, సీరియళ్ల కోసం అయితే ఇది సరిపోకపోవచ్చు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ మన ఊళ్లలో ట్యూనర్ కార్డు అనే వస్తువుకి పని దొరికే చోటు ఇదొక్కటే. దానికి కావాల్సింది డీవీబీ-ఎస్2 కార్డు. పాత డీవీబీ-ఎస్ పద్ధతిని కూడా అది పడుతుంది. ఇక్కణ్నుంచి చెప్పేదంతా దాని గురించే.

డాబా మీద

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి. అది భూమధ్యరేఖ పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. శ్రీకాకుళం సుమారు 84 డిగ్రీల దగ్గర ఉంది. లెక్క కడితే శ్రీకాకుళం నుంచి డిష్ చూడాల్సిన దిక్కు ఉత్తరం నుంచి 152 డిగ్రీలు, అంటే దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య. ఎత్తు 66 డిగ్రీలు. విజయనగరంలో దిక్కు 150 డిగ్రీలు అవుతుంది, ఎత్తు ఇంచుమించు అంతే. ఫోన్ దిక్సూచితో చూసేవాళ్లు పిట్టగోడ ఇనుప రెయిలింగ్‌కి, స్లాబ్ నుంచి పైకి వచ్చిన చువ్వలకి కాస్త దూరంగా నిలబడి చూడాలి. ఇనుము దగ్గర ముల్లు అబద్ధం చెబుతుంది.

పక్కింటి డిష్ ఎటు చూస్తే మనదీ అటే తిప్పడం మనకు అలవాటు. అది ఏ కంపెనీదో చూసుకోవాలి. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర ఉంటాయి, అంటే మన జిల్లాలకు దాదాపు నెత్తి మీది రేఖాంశం. అందుకే ఆ డిష్‌లు ఇక్కడ నిలువునా దక్షిణం చూస్తుంటాయి. ఎయిర్‌టెల్‌ది 108 దగ్గర, కాబట్టి బాగా తూర్పుకి తిరిగి ఉంటుంది. ఇవి రెండూ మనకు దారి చూపవు, తప్పుదారీ పట్టించవు. ముంచేది డిష్ టీవీ. దాని ఉపగ్రహం 95 డిగ్రీల దగ్గర, మనదానికి ఒకటిన్నర డిగ్రీ దూరంలోనే ఉంది. రెండడుగుల డిష్‌కి ఆ తేడా పెద్దగా తెలియదు.

డాబా మీద జరిగే సంభాషణ ఇలా ఉంటుంది. మావయ్య డిష్ పట్టుకుని నిలబడతాడు, మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని పిట్టగోడ నీడలో కూర్చుంటాడు.

‘ఏట్రా, వచ్చిందా?’

‘సిగ్నల్ ఎనభై చూపిస్తోంది మావయ్యా. బొమ్మే రాట్లేదు.’

‘ఎనభై వస్తే ఇంకేటి కావాల? నీ కంప్యూటర్‌లోనే ఏదో ఉంది.’

‘పేర్లు చూడు మావయ్యా, అన్నీ తాళం వేసున్నవే. మనం పక్క ఉపగ్రహం పట్టుకున్నట్టున్నాం. కాస్త పడమటకి జరుపు.’

మేనల్లుడి మాటే సరైనది. సిగ్నల్ గీత ఎంత ఉన్నదన్నది ఏదో ఒక ఉపగ్రహం తగులుతోందని మాత్రమే చెబుతుంది. ఏ ఉపగ్రహం అన్నది చానెళ్ల పేర్లు, నెట్‌వర్క్ పేరు చూసి తెలుసుకోవాలి. స్క్రూ బిగించేముందు ఈ పరీక్ష చేసుకుంటే మళ్లీ నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది. ఇంకో సంగతి. సిగ్నల్ బలం కంటే నాణ్యత ముఖ్యం. సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఎన్‌ఆర్ అని చూపించే అంకె ఎక్కువగా ఉండేలా తిప్పండి, బలం గీతను పట్టించుకోకండి.

డిష్ చేతి చివర ఉండే ఎల్‌ఎన్‌బీ చేసే పని చిన్నదే కానీ, సాఫ్ట్‌వేర్‌లో అడిగే సగం ప్రశ్నలు దాని గురించే. పైనుంచి వచ్చే తరంగం 11,090 మెగాహెర్ట్జ్ అనుకుందాం. అంత ఫ్రీక్వెన్సీ వైరులో దిగదు, మధ్యలోనే నీరసించిపోతుంది. అందుకని ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9,750 తీసేసి మిగిలిన 1,340ని కిందకి పంపుతుంది. కార్డు వెతకాల్సింది ఈ 1,340 దగ్గర. సాఫ్ట్‌వేర్‌కి ఎల్‌ఎన్‌బీ రకం ‘యూనివర్సల్’ అని చెబితే ఈ తీసివేత సరిగ్గా చేసుకుంటుంది. వేరే రకం ఎంచితే ఇంకెక్కడో వెతికి ఏమీ లేదంటుంది. పాత డీటీహెచ్ డిష్ ఏదో ఉంటే దాన్నే వాడేద్దాం అనుకునేవాళ్లు ఎల్‌ఎన్‌బీ మీద ముద్రించిన అంకె చూడాలి. అక్కడ 10,600 ఒక్కటే ఉంటే ఫ్రీ డిష్‌కి పనికిరాదు. 11,090లోంచి 10,600 తీస్తే 490 మిగులుతుంది. శాటిలైట్ ట్యూనర్లు 950 కంటే కింద చూడవు.

ఆ ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఇచ్చేది కూడా కార్డే, అదే వైరులోంచి. 13 వోల్టులు ఇస్తే నిలువు తరంగాలు, 18 వోల్టులు ఇస్తే అడ్డ తరంగాలు. కొన్ని కార్డులకి దీనికోసం కంప్యూటర్ పవర్ సప్లై నుంచి విడిగా ఒక కనెక్టర్ గుచ్చాలి. అది మరిచిపోతే కంప్యూటర్‌కి కార్డు కనపడుతుంది, కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది, అన్నీ బాగున్నట్టే ఉంటుంది, డిష్ మాత్రం నిద్రపోతుంటుంది. సెట్‌టాప్ బాక్సుకీ కార్డుకీ ఒకే వైరును మామూలు స్ప్లిటర్‌తో పంచడం కూడా మంచిది కాదు. ఒకటి 13 ఇస్తుంటే ఇంకొకటి 18 ఇస్తుంది. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ కొని రెండు వైర్లు దింపుకోవడమే పద్ధతి.

డ్రైవర్

దీని మీద ఎక్కువ చెప్పేందుకు లేదు. లినక్స్‌లో అయితే కార్డుకి కెర్నెల్‌లో, అంటే లినక్స్ మూలభాగంలో, మద్దతు ఉండాలి, చాలా చిప్‌లకు ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్‌లోకి ఎక్కే చిన్న ప్రోగ్రాం) కూడా ఉండాలి. విండోస్‌లో అయితే టీవీ కార్డుల కోసం విండోస్ పెట్టిన బీడీఏ పద్ధతి డ్రైవర్ ఉండాలి. ఒకే పేరుతో అమ్మే కార్డులో తయారీదారు మధ్యలో చిప్ మార్చేయడం మామూలే కాబట్టి, కొనేముందు పేరుతో పాటు వెర్షన్ అంకె కూడా చూడండి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ బోర్డు వాడదామనుకునేవాళ్లు, డ్రైవర్ విడిగా కంపైల్ చేయాల్సిన కార్డు జోలికి పోకపోవడం మంచిది. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ పని మొదటికొస్తుంది.

కోడి టీవీని పట్టదు

అందరూ తడబడే చోటు ఇదే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. కోడి అందమైన ప్రోగ్రాం. ఒకప్పుడు దాని పేరు ఎక్స్‌బీఎంసీ, 2014లో పేరు మార్చారు. 2013 జనవరిలో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అందులో టీవీ విభాగం ఉంది. అది చూసి కోడి వేస్తే ట్యూనర్ పనిచేస్తుందనుకుంటారు. కోడికి ట్యూనర్ కార్డుతో మాట్లాడటం రాదు. కార్డుని నడిపేది, చానెళ్లు వెతికేది, రికార్డు చేసేది వెనకాల నడిచే ఇంకో ప్రోగ్రాం. దాన్ని బ్యాకెండ్ అంటారు. లినక్స్‌లో టీవీహెడ్‌ఎండ్, వీడీఆర్, మిత్‌టీవీ. విండోస్‌లో నెక్స్ట్‌పీవీఆర్, మీడియాపోర్టల్, డీవీబీవ్యూయర్. కోడి చేసేది తెర మీద చూపించడం, రిమోట్ మాట వినడం. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండొచ్చు, వేర్వేరు గదుల్లోనూ ఉండొచ్చు. ఈ పని విభజన అర్థమైతే లోపం వెతకడం సులువు. బ్యాకెండ్ వెబ్ పేజీలో చానెల్ ఆడుతూ కోడిలో ఆడకపోతే తప్పు ఒకచోట, రెండింటిలోనూ ఆడకపోతే ఇంకోచోట.

టీవీహెడ్‌ఎండ్‌నే తీసుకుందాం. ఉచితం, చాలాచోట్ల వాడేదీ అదే. విండోస్ మీద నడవదు. దాన్ని వేశాక బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ చిరునామా, 9981 పోర్టు కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో నెట్‌వర్క్, మక్స్, సర్వీస్, చానెల్ అని నాలుగు మాటలుంటాయి. నాలుగూ ఒకటేలా అనిపించి ఏది ఎక్కడ నొక్కాలో తెలియక తలపట్టుకుంటారు. నెట్‌వర్క్ అంటే ఇక్కడ ఉపగ్రహం. మక్స్ అంటే ఆ ఉపగ్రహం నుంచి ఒక ఫ్రీక్వెన్సీ మీద వచ్చే మొత్తం మూట. పలాస ప్యాసింజర్ లాంటిదనుకోండి, బండి ఒకటే, అందులో పెట్టెలు చాలా. సర్వీస్ అంటే ఆ పెట్టెల్లో ఒకటి. చానెల్ అంటే ఆ సర్వీసుకి మన ఇంట్లో మనం పెట్టుకునే నంబరూ పేరూ. స్కాన్ చేయగానే సర్వీసులు వస్తాయి. వాటిని చానెళ్లుగా మార్చమని విడిగా ఒక మీట నొక్కితే తప్ప కోడిలో ఏమీ కనపడదు. ‘బ్యాకెండ్‌లో వందున్నాయి, కోడిలో ఖాళీ’ అనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఆ నొక్కని మీటే.

మక్స్‌ల పేజీని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక్కో వరసలో ఒక ఫ్రీక్వెన్సీ, పక్కన స్కాన్ ఫలితం, ఆ పక్కన దొరికిన సర్వీసుల సంఖ్య ఉంటాయి. ముందే తయారుగా వచ్చే జాబితాలో అంకెలు పాతబడి ఉండొచ్చు. కాబట్టి ఫ్రీ డిష్‌కి ఒక మక్స్‌ని మన చేత్తో చేర్చడం మేలు. ఫ్రీక్వెన్సీ 11,090, పోలరైజేషన్ నిలువు, సింబల్ రేటు (సెకనుకి వచ్చే సమాచారపు తునకల లెక్క) 29,500 అని డిష్ బిగించే కుర్రాళ్లకు నోటికొచ్చిన అంకెలే. వాటిని అలాగే కొడతారు. ఫలితం ‘ఫెయిల్’. ఎందుకంటే ఈ పేజీ ఫ్రీక్వెన్సీని కిలోహెర్ట్జ్‌లో, సింబల్ రేటుని సెకనుకి విడి సింబళ్లలో అడుగుతుంది. కాబట్టి 11090000 అని, 29500000 అని కొట్టాలి. మూడు సున్నాలు తగ్గితే చాలు, డిష్ ఎంత బాగా తిప్పినా అక్కడ ఏమీ దొరకదు. సరిగ్గా కొట్టి సేవ్ చేస్తే, కొద్దిసేపట్లో ఆ వరస ‘ఓకే’ అవుతుంది, సర్వీసుల గడిలో సున్నా పోయి ఒక అంకె పడుతుంది. ఒక మక్స్ దొరికితే అందులోని పట్టికల్లోంచే మిగతా మక్స్‌ల వివరాలు కూడా చాలావరకు వచ్చేస్తాయి.

‘ఫెయిల్’ వచ్చిందంటే సిగ్నలే అందలేదు: డిష్, ఎల్‌ఎన్‌బీ, వైరు, అంకెలు చూడండి. ‘ఓకే’ వచ్చి సర్వీసులు ఉండి బొమ్మ రాకపోతే తాళమో, తప్పు ఉపగ్రహమో. బొమ్మ వచ్చి ముక్కలవుతుంటే నాణ్యత చాలట్లేదు. వైరు చివరి ఎఫ్ కనెక్టర్ విప్పి, లోపలి రాగి తీగకి జాలీ పోగు ఒక్కటైనా తగులుతోందేమో చూడండి. మన సముద్రపు గాలికి డాబా మీది కనెక్టర్ చిలుము పట్టడం కూడా తొందరే.

రికార్డింగ్: ఒక ట్యూనర్, ఎన్ని చానెళ్లు?

ఒక ట్యూనర్‌తో ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చేయలేమన్నది అనలాగ్ కాలం నాటి నమ్మకం. ట్యూనర్ పట్టేది మక్స్‌ని, అంటే బండి మొత్తాన్ని. ఆ మక్స్‌లో ఉన్న చానెళ్లన్నీ ఒకేసారి కంప్యూటర్‌లోకి వస్తూనే ఉంటాయి. కాబట్టి ఒకే మక్స్‌లో ఉన్న రెండు మూడు చానెళ్లను ఒక్క ట్యూనర్‌తోనే రికార్డు చేస్తూ నాలుగోది చూడొచ్చు. వేరే మక్స్‌లో ఉన్నదానికి మారాలంటేనే ట్యూనర్‌ని అక్కణ్నుంచి లాగాలి. అప్పుడే రెండో ట్యూనర్ అవసరం. మీ ఇంట్లో చూసే చానెళ్లు ఏ మక్స్‌లో ఉన్నాయో ఒకసారి రాసుకుంటే ఒక ట్యూనర్ చాలా, రెండు కావాలా అన్నది కొనకముందే తెలుస్తుంది.

మక్స్‌లో ఎంత పడుతుందో లెక్క చూస్తే సరదాగా ఉంటుంది. సెకనుకి 2.95 కోట్ల సింబళ్లు, ఒక్కో సింబల్‌కి రెండు బిట్లు. అందులో దిద్దుబాటు కోసం పోయేది పోగా, నాలుగింట మూడు వంతులు మిగిలే పద్ధతి అనుకుంటే, అంటే 3/4 అయితే, చేతికొచ్చేది సెకనుకి సుమారు 40 మెగాబిట్లు. ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో వచ్చే మామూలు చానెల్‌కి నాలుగు మెగాబిట్లు అనుకుంటే పది చానెళ్లు. ఆ నాలుగు మెగాబిట్లే గంటసేపు దాచుకుంటే 1.8 జీబీ. 500 జీబీల పాత హార్డ్‌డిస్క్‌లో 250 గంటలకు పైనే పడుతుంది.

కరెంటు పోతే? మన దగ్గర అడగక తప్పని ప్రశ్న. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు టీవీ గురించి ఎవరూ ఆలోచించరు, అది వేరే మాట. మామూలు ఎండాకాలపు కోతల్లో మాత్రం ఒక మంచి సంగతి ఉంది. బ్యాకెండ్లు రికార్డు చేసేది ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అనే రూపంలో. దాని ఫైలు పేరు చివర టీఎస్ అని ఉంటుంది. గాలిలో ఎక్కడ తెగినా అక్కణ్నుంచి మళ్లీ అందుకునేలా తయారుచేసిన రూపం అది. కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా డిస్క్ మీద పడినదంతా ఆడుతుంది. మామూలు ఎంపీ4 అయితే చివర్లో రాయాల్సిన సూచిక రాయకుండానే ఆగిపోయి ఫైలు మొత్తం తెరుచుకోకపోవచ్చు. అందుకే రికార్డింగ్‌ను నేరుగా ఎంపీ4లోకి మార్చే సెట్టింగు పెట్టకండి. కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు.

కరెంటు ఉన్నప్పుడు బిల్లు సంగతి. రికార్డింగ్ టైముకి కంప్యూటర్ మేలుకుని ఉండాలి. పాత డెస్క్‌టాప్ 80 వాట్లు తాగుతుందనుకుంటే, రోజంతా నడిపితే నెలకి 57 యూనిట్లు దాటుతుంది. ఇంటి బిల్లు పై స్లాబ్‌లోకి పోవడానికి అది చాలు. రాస్ప్‌బెర్రీ పై లాంటి అయిదు వాట్ల చిన్న బోర్డు అయితే నెలంతా నడిపినా నాలుగు యూనిట్లకు లోపే. నా ఉద్దేశంలో బ్యాకెండ్‌ని చిన్న బోర్డు మీద పెట్టి, డెస్క్‌టాప్‌ని చూసేటప్పుడే ఆన్ చేసుకోవడం తెలివైన పని. అది కుదరనివాళ్లు విండోస్‌లో నెక్స్ట్‌పీవీఆర్ వాడితే, రికార్డింగ్ వేళకి నిద్రలో ఉన్న కంప్యూటర్‌ని లేపుతుంది.

అయిదున్నర గంటల తేడా

కార్యక్రమాల పట్టిక చూస్తే రాత్రి ఏడు గంటల వార్తలు మధ్యాహ్నం ఒకటిన్నరకి అని ఉంటుంది. ఇది చూసి చానెల్‌ని తిట్టుకోవద్దు. డిజిటల్ టీవీలో పట్టిక సమయాలు అంతర్జాతీయ కాలమానంలో వస్తాయి, మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. కంప్యూటర్ టైమ్‌జోన్ కోల్‌కతా అని పెట్టి ఉందో లేదో చూడండి. చిన్న బోర్డుల మీద కొత్తగా వేసిన లినక్స్‌లో చాలాసార్లు అది పెట్టి ఉండదు. ఎక్స్‌ఎంఎల్‌టీవీ ఫైలు ద్వారా పట్టిక తెచ్చుకునేవాళ్లు అందులో సమయం పక్కన +0530 అని ఉందేమో చూసుకోవాలి. పట్టికే సరిగా రాని చానెల్‌కి టైము చెప్పి రికార్డు చేయడమే దారి. ముందు అయిదు నిమిషాలు, వెనక పది నిమిషాలు వదిలితే సరిపోతుంది.

స్క్రోలింగ్ వణుకుతోందా?

బొమ్మ వచ్చాక మిగిలేది బొమ్మ నాణ్యత. ఫ్రీ డిష్‌లో మామూలు చానెళ్లు 576ఐ రకం. ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి, సెకనుకి 50 సగాలు పంపుతారు. పాత ట్యూబ్ టీవీలకి అది సహజం. ఇప్పటి తెరల మీద రెండు సగాలను కలిపితే, కదిలే వస్తువు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు పడతాయి. కోడిలో వీడియో సెట్టింగుల్లో డీఇంటర్‌లేస్ పెట్టుకుంటే అవి పోతాయి. ఆ పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తే పాత ప్రాసెసర్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

అది సరిచేసినా ఇంకో లోపం మిగలొచ్చు. ఏదైనా వార్తా చానెల్ పెట్టి అడుగున పరిగెత్తే అక్షరాలను అరనిమిషం చూడండి. నున్నగా జారుతున్నట్టు కాకుండా, కాసేపటికోసారి చిన్న కుదుపు కనిపిస్తుందా? కంప్యూటర్ టీవీకి సెకనుకి 60 సార్లు బొమ్మ పంపుతోంది, చానెల్ వస్తున్నది 50 లెక్కన. ఆ పది ఎక్కడో సర్దాలి కాబట్టి కొన్ని బొమ్మలు రెండుసార్లు పడతాయి. కోడిలో ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ అనే సెట్టింగు ఆన్ చేస్తే వీడియో మొదలవగానే తెర 50కి మారిపోతుంది. మన దేశంలో అమ్మే టీవీలు సాధారణంగా 50ని తీసుకుంటాయి. కంప్యూటర్ మానిటర్‌కి తగిలించినవాళ్లకి మాత్రం ఇది కుదరకపోవచ్చు. ఇంట్లో మిగతావాళ్లెవరూ ఈ కుదుపు గమనించరు. ఒకసారి గమనించినవాడికి మాత్రం ఇక వేరే ఏమీ కనపడదు.

రిమోట్, రెండో గది

కీబోర్డు, మౌస్ పట్టుకుని టీవీ చూడమంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. హెచ్‌డీఎంఐ-సీఈసీ అనే పద్ధతిలో టీవీ రిమోట్ మీటలే కోడికి అందుతాయి. రాస్ప్‌బెర్రీ పైలో అది ఉంది. మామూలు డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి లేదు, కాబట్టి వాటికి యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే రిమోట్ కొనాలి.

తాళం ఉన్న కేబుల్ చానెళ్లనే ఎలాగైనా కంప్యూటర్‌లోకి తేవాలనుకునేవాళ్లు సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐని, బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకునే క్యాప్చర్ కార్డుకి తగిలిస్తారు. హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉన్న బాక్సైతే అక్కడా నల్లతెరే. పసుపు-ఎరుపు-తెలుపు వైర్ల దారిలో బొమ్మ రావచ్చు కానీ, కంప్యూటర్ నుంచి బాక్సులో చానెల్ మార్చడానికి ఇంకో ఇన్‌ఫ్రారెడ్ తంతు కావాలి. అంత శ్రమ పడేకంటే కేబుల్‌ని కేబుల్‌లాగే చూడటం నయం. ఇక వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఎం3యూ అనే చానెల్ లింకుల జాబితాలకి ట్యూనర్‌తో సంబంధమే లేదు. అవి ఇంటర్నెట్‌లో వచ్చేవి, అందులో చాలావరకు దొంగ ప్రసారాలు, వారం తిరక్కుండానే ఆగిపోతుంటాయి.

ఫ్రీ డిష్ మీద ఇదంతా కుదిరిందంటే, ఒకే డిష్‌తో ఇల్లంతా చూడొచ్చన్న లాభం వెంటనే వస్తుంది. బ్యాకెండ్ నుంచి వైఫైలో వెళ్లేది మక్స్ మొత్తం కాదు, అడిగిన చానెల్ ఒక్కటే, అంటే నాలుగు మెగాబిట్ల చొప్పున. మామూలు ఇంటి రూటర్‌కి అది లెక్కలోకి రాదు. నాయనమ్మ గదిలోని ఆండ్రాయిడ్ టీవీలో కోడి వేసి, టీవీహెడ్‌ఎండ్ యాడ్-ఆన్‌లో హాల్లో ఉన్న బోర్డు చిరునామా, యూజర్ పేరు ఇస్తే సప్తగిరి అక్కడా ఆడుతుంది. ఆ యూజర్‌కి చూసే హక్కు ఒక్కటే ఇవ్వండి, సెట్టింగులు మార్చే హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. రూటర్‌లో 9981 పోర్టును బయటికి తెరవమని ఏ వీడియోలో చెప్పినా తెరవకండి.